మూడో తీగ

పంపుల మేస్త్రీకి తోడల్లుడంటే పడదు. ఎందుకు పడదని ఎవరైనా నిలదీస్తే చెప్పుకోవడానికి అతని దగ్గర ఒక్క కారణమూ లేదు, అసలు బాధంతా అదే. ఆ కుర్రాడు బద్ధకస్తుడైనా బాగుండేది. నోటి దురుసు మనిషైనా సరిపెట్టుకునేవాడు. వాడు చూస్తే కనపడ్డప్పుడల్లా "అన్నయ్యా" అంటూ లేచి నిలబడతాడు, మేస్త్రీ కూర్చునేదాకా తాను కూర్చోడు. అలాంటివాణ్ణి ద్వేషించడం ఎంత చాకిరీయో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. మేస్త్రీ ఏడాదిన్నరగా ఒక్క రోజు సెలవు లేకుండా ఆ చాకిరీ చేస్తున్నాడు.

మామగారిది కళ్లజోళ్ల షాపు. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను, ముందు గదిలో జనం కూర్చునే బెంచీ. బెంచీ మీద వాళ్లకు కాలక్షేపంగా ఉంటుందని, మేస్త్రీకి పెళ్లయిన కొత్తలో ఆయన ఒక చిన్న ఉప్పునీళ్ల అక్వేరియం తెచ్చి పెట్టుకున్నారు. మూడు నెలలు తిరక్కుండానే అందులో పంపు ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. మేస్త్రీ దాన్ని విప్పి, చుట్లన్నీ తీసేసి కొత్త రాగితీగ చుట్టి, ఇరుసు మార్చి, మూత చుట్టూ తన చేత్తో జిగురు పూసి మళ్లీ నీళ్లలో దించాడు. ఆ పంపు పదేళ్లు తిరిగింది. మామగారు షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ దాన్ని చూపించేవారు.

"మా పెద్దల్లుడి చేతి పంపండీ ఇది. నా గుండె ఆగినా ఇది ఆగదు."

ఆ ఒక్క మాట కోసమే మేస్త్రీ ప్రతి ఆదివారం అత్తవారింటికి వెళ్లేవాడంటే అబద్ధం కాదు. రోడ్డు పక్క రేకుల షెడ్డులో, దుమ్ములో, పొద్దస్తమానం కాలిపోయిన మోటార్లకు చుట్లు చుట్టే మనిషికి ఆ మాత్రం పొగడ్త ఇంకెక్కడ దొరుకుతుంది!

తర్వాత రెండో అమ్మాయికి పెళ్లయింది. వచ్చిన అల్లుడు పనిచేసేది చేపల షాపులో. ఆసుపత్రుల్లో, పెద్ద పెద్ద హోటళ్లలో అక్వేరియాలు అమర్చి, వాటి బాగోగులు చూసుకోవడం అతని పని. ఆరు నెలల్లో మామగారి చిన్న తొట్టి పోయి, గోడకి ఈ చివర నుంచి ఆ చివర దాకా కొత్తది వెలిసింది. లోపల ప్రాణమున్న పగడాలు, రాళ్ల గుట్ట, నారింజ రంగు చేపల జంట. పిడికిలంత తెల్లటి పంపు ఒకటి, తిరుగుతోందో లేదో చెవి పెట్టి విన్నా తెలియదు. బెంచీ మీద జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"మా చిన్నల్లుడు పెట్టాడండీ" అన్నారు మామగారు.

మేస్త్రీ ఒళ్లు భగ్గుమంది. తన పంపు ఏమైందని అడగలేదు. అడిగితే "పాత సామాన్లలో పడేశాం" అంటే, ఆ తర్వాత మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని అడగలేదు.

చిన్నల్లుడికి జాగ్రత్త ఎక్కువ. వైర్లన్నీ ప్లగ్గుల కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా వంపు తిప్పాడు, వైరు వెంట జారిన నీటిచుక్క అక్కడే కింద పడిపోవాలట. ప్లగ్గుల బోర్డు పక్కన ట్రిప్ స్విచ్ ఒకటి బిగించాడు. కరెంటు ఏ కాస్త దారి తప్పినా అది టక్కున పడిపోతుంది. పైగా గోడలోని ఎర్త్ నుంచి ఒక తీగ లాగి, దాని చివర చిన్న లోహపు కడ్డీ కట్టి నీళ్లలోకి వేలాడదీశాడు. నెలకొకసారి స్విచ్ మీది బొత్తాం నొక్కి పరీక్ష చేసుకోవాలని మామగారికి పాఠం చెప్పాడు.

"ఉప్పునీళ్లు మామూలు నీళ్లు కాదు కదన్నయ్యా. కరెంటుకి రాచబాట" అన్నాడు వినయంగా.

ఇరవై ఏళ్లు కరెంటుతో కాపురం చేసినవాడికి కరెంటు గురించి చెప్పడం! మేస్త్రీ పళ్లు బిగబట్టి నవ్వాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఒకరోజు మామగారి నుంచి ఫోన్ వచ్చింది.

"అల్లుడుగారూ, ఆ స్విచ్ రోజుకి నాలుగుసార్లు పడిపోతోంది. అది పెట్టిన చిన్నబ్బాయేమో ఊళ్లో లేడు. చేపలు గాలాడక చస్తాయేమోనని భయంగా ఉంది. కాస్త చూస్తారా?"

చూడకేం! మేస్త్రీ స్కూటరెక్కి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. బోర్డు దగ్గర గొంతుక్కూర్చుని, ఎన్ని ప్లగ్గులున్నాయో, ఏ వైరు ఎటు పోతోందో కూడా చూడకుండానే తీర్పు చెప్పేశాడు.

"ఇదంతా షోకు సరుకు మామయ్యగారూ. ఈ డబ్బీ ఒట్టి పిరికిది, చీమ తుమ్మినా పడిపోతుంది." స్విచ్ విప్పి పారేసి, వైర్లు నేరుగా కలిపేశాడు. నీళ్లలో వేలాడుతున్న తీగను కూడా బయటికి లాగాడు. "ఇదెందుకండీ మధ్యలో? చేపల్ని ఉరి తియ్యడానికా?"

మామగారు పకపకా నవ్వారు. పంపు ఆగకుండా తిరగసాగింది. "దేనికైనా నువ్వుండాలయ్యా" అన్నారు ఆయన, ఆనందం పట్టలేక 'మీరు' అనడం మరిచిపోయి. మేస్త్రీ ఆ రోజంతా గాల్లో తేలాడు. విప్పిన స్విచ్‌ను షెడ్డుకు తీసుకెళ్లి పాత డబ్బాలోకి విసిరేశాడు, అది డబ్బాలో పడ్డ చప్పుడు కూడా అతనికి తియ్యగానే వినిపించింది.

వచ్చిన ఆదివారం అందరూ భోజనాలకు కూర్చున్నారు. అత్తగారు గిన్నెలు తెచ్చి మధ్యలో పెట్టారు. చిన్నల్లుడు ఇంకా ఊరినుంచి రాలేదు. మామగారు కుడిచేతి వేళ్లు ముడుస్తూ తెరుస్తూ, మాటల మధ్య మాటగా అన్నారు.

"నాలుగు రోజులుగా ఈ వేళ్లు జిమ్మంటున్నాయి. పొద్దున్న చేపలకి మేత వేసేటప్పుడు మరీనూ. డాక్టరు నరాల బలహీనత అని బిళ్లలిచ్చాడు."

గిన్నెలోని గరిటె మీద మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది.

నరాలూ కాదు, బలహీనతా కాదు. నీళ్లలోకి కరెంటు దిగుతోంది. ఇందులో మేస్త్రీకి రవ్వంత అనుమానం కూడా లేదు. ఇలా జిమ్మన్న చేతులు తన షెడ్డులో ఎన్ని చూడలేదు! షాపులో మామగారి కాళ్లకు రబ్బరు చెప్పులుంటాయి కాబట్టి జిమ్మనడంతో సరిపోతోంది. కొత్త పంపులోంచే కరెంటు కారుతోంది. ఆ తెల్లటి, చప్పుడు చెయ్యని, అందరూ నోళ్లు తెరుచుకుని చూసే పంపు.

చెప్పాలి. నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకోటి వచ్చి మాటను పట్టుకుని వెనక్కి లాగేసింది. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? మామగారు ఫోన్ చేస్తారు, వాడొచ్చి "అయ్యో, పొరపాటైంది మామయ్యగారూ" అని పంపు మార్చేస్తాడు, పొద్దుగూకేసరికి అందరూ మరిచిపోతారు. వాడి ముందు, అందరి ముందు, మీటరు పెట్టి, ముల్లు ఎగరడం చూపిస్తేనో?

మేస్త్రీ గరిటె తిప్పి వడ్డించుకున్నాడు. మామగారు అతని వైపే చూస్తున్నారు. ఎంతసేపు చూశారో మేస్త్రీకి తెలియదు, అతను కంచంలోకి చూస్తున్నాడు.

చేతులు కడుక్కున్నాక ఆయన అన్నారు. "వచ్చే ఆదివారం ఎవరూ మానకండి. చిన్నబ్బాయి కూడా వచ్చేస్తాడు. మీ అందరికీ ఒక మాట చెప్పాలి."

ఇంటికొస్తూ స్కూటరు వెనక సీట్లోంచి భార్య గుట్టు విప్పింది. "ముందు గది చెల్లెలి వాళ్లకిచ్చి చేపల షాపు పెట్టిద్దామని నాన్నకి ఉందట. ఆ మాటే అయ్యుంటుంది."

ఆ ముందు గది! గాలి, వెలుతురు, రోడ్డు వైపు తలుపు. రేకుల షెడ్డులో ఎండకు ఉడికిపోయినప్పుడల్లా మేస్త్రీ మనసులో తన పనిబల్లను ఆ గదిలో ఏ గోడ వారగా వేసుకోవాలో చూసుకునేవాడు. నోరు తెరిచి ఏనాడూ అడగలేదు. అడక్కుండానే ఇస్తారనుకున్నాడు. ఇప్పుడు అడక్కుండానే ఇస్తున్నారు, వాడికి.

"ఇవ్వనీ" అన్నాడు. లోపల మాత్రం, ఆదివారం దాకా ఆగండి మీ పని చెప్తా, అనుకున్నాడు.

ఆ నాలుగు రోజులూ అతను తన మనసుతో ఎంత బేరమాడాడో చెప్పలేం. జిమ్మనడమే కదా, ఎవరూ పోరు. చెప్పులున్నాయి కదా. వారం రోజులే కదా. పొద్దున్నే మళ్లీ ఆ అక్కసు రగులుకునేది. వాడి మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటే కాస్త చల్లబడేది. మనిషి అంతకన్నా ఎంత దిగజారగలడు చెప్పండి, పెద్దాయన చేతిని నీళ్లలో వదిలేసి ఆదివారం కోసం ఎదురుచూడటం కన్నా?

గురువారం మధ్యాహ్నం మేస్త్రీ ఒక పెద్ద మోటారుకు చుట్లు చుడుతున్నాడు. చుట్టు లెక్క మధ్యలో లేవకూడదన్నది షెడ్డులో అతను పెట్టుకున్న నియమం. లెక్క తప్పితే మొత్తం విప్పి మళ్లీ మొదటికి రావాలి. ఇల్లు తగలబడుతోందన్నా చుట్టు పూర్తి చేసి లేస్తాడని భార్య ఎగతాళి చేస్తుంది. ఆమె క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"రెండువందల పన్నెండు" అన్నాడు పైకి, మాట్లాడొద్దన్నట్టు.

"మీరు చుట్టుకోండి, నేను చెప్పేది వింటే చాలు. ఇందాక అమ్మతో మాట్లాడాను. నాన్న చెప్పులు తెగిపోయాయట, పొద్దుట్నుంచీ వట్టి కాళ్లతోనే తిరుగుతున్నారు. షాపు కడిగిస్తున్నారట కూడా. తడినేల మీద జారిపడతారని అమ్మ నస పెడితే, వినకుండా ఇవాళే అక్వేరియం అద్దం కూడా తోముతానని కూర్చున్నారట."

రెండువందల పదమూడు దగ్గర తీగ చేతిలోంచి జారిపోయింది. చుట్లన్నీ బుసబుసమంటూ విచ్చుకున్నాయి. భార్య కళ్లప్పగించి చూస్తుండగానే మేస్త్రీ సంచీలోకి మీటరు తోసుకుని స్కూటరు ఎక్కేశాడు. దారిలో ఫోన్ చేద్దామన్న ఆలోచన కూడా రాలేదు. వట్టి కాళ్లు, తడినేల, ఉప్పునీళ్లు. ఈ మూడే తలలో తిరుగుతున్నాయి.

షాపు ముందు గదిలో నేల అద్దంలా మెరుస్తోంది. మామగారు చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, తోమే స్పాంజి పట్టుకుని, అక్వేరియం ముందు ముక్కాలి పీట మీద ఒక కాలు, తడినేల మీద ఒక కాలు వేసి వంగుతున్నారు.

"చెయ్యి పెట్టకండి!"

ఆ కేకకు పక్క షాపువాళ్లు కూడా బయటికొచ్చారు. మేస్త్రీ ఆయన్ని తాకలేదు, అంత తొందరలోనూ తాకకూడదని చేతులకు గుర్తుంది. గోడ మీది మెయిన్ స్విచ్‌ను అరచేత్తో కిందికి కొట్టాడు. దీపాలు ఆరిపోయాయి, వెనక గదిలో అద్దాల మిషను మూలిగి ఆగింది. మామగారి వేళ్లు నీళ్లకు జానెడు ఎత్తులో ఉన్నాయి.

"ఏమైందయ్యా?"

"మీ వేళ్లు జిమ్మంటున్నది నరాల వల్ల కాదు మామయ్యగారూ. నీళ్లలో కరెంటుంది. మీరు ఆ బెంచీ మీద కూర్చోండి, కాళ్లు పైకి పెట్టుకోండి."

ఆయన మారు మాట్లాడకుండా బెంచీ ఎక్కి బాసింపట్టు వేసుకున్నారు. మేస్త్రీ ప్లగ్గులన్నీ పీకేసి మెయిన్ వేశాడు. మీటరు తీగ ఒకటి నీళ్లలో ముంచి, రెండోది గోడలోని ఎర్త్ రంధ్రంలో పెట్టాడు. ముందుగా తెల్ల పంపు ప్లగ్గు పెట్టాడు. అతని గుండె దడదడలాడుతోంది, సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే అందులో సగం సంబరం.

ముల్లు కదల్లేదు.

ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాడు. కదల్లేదు. దాన్ని తీసేసి నీళ్లు వెచ్చబెట్టే గొట్టం ప్లగ్గు పెట్టాడు. కదల్లేదు. పైనున్న దీపం, అదీ అంతే. ఇంక ఒక ప్లగ్గు మిగిలింది. నల్లటి పాత ప్లగ్గు. ఎక్కడో చూసినట్టుంది. అది పెట్టగానే ముల్లు తొంభై దాటి వణుకుతూ నిలబడింది.

"ఈ వైరు దేనిది?" అన్నాడు. అడుగుతుండగానే కళ్లు ఆ వైరు వెంట వెళ్తున్నాయి. వైరు అక్వేరియం వెనక్కి వెళ్లి, రాళ్ల గుట్ట వెనక దిగింది. అక్కడ నీడలో, ఆకుపచ్చ నాచు పట్టి, జిగురు పూసిన మూతతో, అతని సొంత చేతి పంపు తిరుగుతోంది.

"నీ పంపేనయ్యా" అన్నారు మామగారు బెంచీ మీంచి. "కొత్తది పెట్టినప్పుడు తీసేద్దామన్నాను నేనే. చిన్నబ్బాయి పడనివ్వలేదు. అన్నయ్య చేతి పంపు రాళ్ల వెనక తిరుగుతుంటే తన పంపు మొరాయించినా చేపలకి ఢోకా ఉండదన్నాడు. నీకు చెప్పలేదా?"

మేస్త్రీ ప్లగ్గు పీకి, పంపును పైకి లాగాడు. మూత చుట్టూ జిగురు పొరలు పొరలుగా లేచిపోయింది. లోపల ఇరుసు నిండా తుప్పు పట్టింది. వైరు తొక్క ఒక చోట వెంట్రుకవాసి చీలింది. అది రెండు తీగల వైరు. పదకొండేళ్ల కిందట షెడ్డులో చేతికి దొరికిన వైరు అది. ఎర్త్ కోసం మూడో తీగ ఉన్న వైరు కొనుక్కొద్దామనుకుని, ఈ చిన్నదానికి ఎందుకులే అనుకున్నాడు. అదంతా నిన్న జరిగినట్టు గుర్తొచ్చింది.

ఆ డబ్బీ పిరికిది కాదు. రోజుకి నాలుగుసార్లు పడిపోయి అది చెప్పింది ఈ మాటే. నీళ్లలో వేలాడిన తీగ ఇన్నాళ్లూ ఆ కరెంటును పెద్దాయన వేళ్ల దాకా రానివ్వకుండా గోడలోకి లాక్కుపోయింది. రెండింటినీ తన చేత్తోనే తీసేశాడు.

"అయితే ఏ పంపుది తప్పు?" అన్నారు మామగారు. ఆయనకు బెంచీ మీంచి మీటరు కనపడదు. "కొత్తదా?"

ఒక్క 'ఊ' అంటే చాలు. రాళ్ల వెనక పంపును సంచీలో వేసుకుపోతే అడిగే దిక్కులేదు. మేస్త్రీ నోరు తెరిచాడు.

అంతలో గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. ఊరినుంచి దిగీ దిగగానే వచ్చినట్టున్నాడు చిన్నల్లుడు, రెండు చేతుల్లో అక్వేరియంలో పొయ్యాల్సిన మంచినీళ్ల డబ్బాలు. పాత పంపు చూశాడు, నీళ్లలో ముంచిన మీటరు తీగ చూశాడు, మొహం పాలిపోయింది.

"తప్పు నాదే అన్నయ్యా. పాతదాన్ని విప్పి చూడకుండా పెట్టేశాను. మీ చేతిది కదా, చూడాల్సిన పనేముందనుకున్నాను." అంటూనే బోర్డు వైపు తిరిగాడు. "అయినా ట్రిప్ అయ్యుండాలే... స్విచ్ ఏదీ?"

"నేనే తీయించానయ్యా" అన్నారు మామగారు చప్పున. "ఊరికే పడిపోతోంటే విసుగొచ్చి."

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. పెద్దాయన తన కోసం అబద్ధమాడుతున్నారు.

"కాదు. నేనే తీశాను" అన్నాడు. "ఎన్ని ప్లగ్గులున్నాయో కూడా చూడలేదు. తప్పు నా పంపుది, తీసింది నేను."

"పోన్లెండి అన్నయ్యా, సమయానికి వచ్చారు."

"సమయానికి కాదు. ఆదివారమే తెలుసు నాకు."

మామగారు బెంచీ మీంచి మెల్లిగా కాళ్లు దించారు.

"నీకు తెలుసని నాకూ తెలుసు" అన్నారు. "జీవితమంతా మనుషుల కళ్లు చూసే బతికాను. నా వేళ్ల సంగతి చెప్పగానే నీ చెయ్యి గరిటె మీద ఆగిపోయింది. నాకేదో పెద్ద జబ్బే వచ్చింది, నీకు అర్థమైంది, నా మీది ప్రేమకొద్దీ చెప్పలేకపోతున్నావనుకున్నాను. అందుకే అందర్నీ రమ్మన్నాను, ఉన్నప్పుడే ఎవరిది వాళ్లకి అప్పజెబుదామని. నాలుగు రాత్రులు నిద్రపోలేదయ్యా నేను."

"ప్రేమ కాదు మామయ్యగారూ" అన్నాడు మేస్త్రీ. "కుళ్లు. వీడి పంపు అనుకున్నాను. అందరి ముందూ వీడి పరువు తియ్యాలని ఆదివారం దాకా ఆగాను."

చిన్నల్లుడు నీళ్ల డబ్బాలు ఇంకా చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన కుడిచేతి వేళ్లు ముడిచి తెరిచి చూసుకున్నారు.

"అయితే నేను చావట్లేదన్నమాట" అన్నారు. నవ్వుదామనుకున్నారు కానీ నవ్వు రాలేదు.

ఆ తర్వాత గంటసేపు ఇద్దరు అల్లుళ్లూ బోర్డు ముందు గొంతుక్కూర్చున్నారు. మేస్త్రీ షెడ్డుకు వెళ్లి డబ్బా అడుగునుంచి స్విచ్ వెతికి తెచ్చాడు. చిన్నల్లుడు బిగించాడు, మేస్త్రీ టార్చిలైటు పట్టుకున్నాడు. ఎర్త్ తీగ మళ్లీ నీళ్లలోకి దిగింది. అవసరమైన మాటలు తప్ప ఇంకేమీ అనుకోలేదు, చిన్నల్లుడు ఒక్కసారి కూడా "అన్నయ్యా" అనలేదు. ఏడాదిన్నరగా ఆ పిలుపు వినపడితే చిరాకు పడ్డ మనిషి, ఇప్పుడు దాని కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

"బొత్తాం నొక్కండి" అన్నాడు చివరికి చిన్నల్లుడు. మేస్త్రీ నొక్కాడు. స్విచ్ టక్కున పడింది. మళ్లీ పైకి లేపారు. తెల్ల పంపు తిరిగింది, నారింజ చేపలు రాళ్ల వెనకనుంచి బయటికొచ్చాయి.

మామగారు లేచి వచ్చారు. మేత డబ్బీ తీశారు. చొక్కా చెయ్యి మడిచారు. నీళ్ల మీద చెయ్యి ఆపి, నీళ్ల వైపు కాదు, పెద్దల్లుడి కళ్లలోకి చూశారు.

"పెట్టనా?" అని అడిగారు.

పదకొండేళ్లలో ఆయన అతన్ని అలా అడగడం అదే మొదటిసారి. మేస్త్రీ చెప్పులు విడిచి పక్కకు తోశాడు. వట్టి పాదాలతో తడినేల మీద నిలబడి, ముందు తన చెయ్యి మోచేతి దాకా నీళ్లలో పెట్టాడు.